బిరుదుల వెనకాల వచ్చిన కబురు

వెండేరు పుట్టే కొండల దగ్గర్నుంచి అది సముద్రంలో కలిసే లంకల దాకా ఒక్కడే రాజు ఏలిన రోజుల్లో జరిగిన సంగతి ఇది. ఆ రాజు పేరు ఉత్తుంగరాయలు. మనిషి చెడ్డవాడు కాడు. ఆకలన్నవాణ్ణి వాకిట్లోంచి వెళ్లగొట్టిన పాపాన పోలేదు. కానీ బిరుదులంటే పడి చచ్చేవాడు. కవి పద్యం చదివితే ఒక బిరుదు, పొరుగు రాజు దూత కాస్త వంగి దణ్ణం పెడితే ఇంకో బిరుదు. అలా ముప్పై రెండు పోగేశాడు. అందులో ఆఖరుది ‘నదీనద వశంకర’. ఏటి మీద ఒక చిన్న వంతెన కట్టించినందుకు వచ్చింది. నదులన్నిటినీ లొంగదీసుకున్నవాడని దానర్థం. పాపం, వెండేటికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

కొండ మీది రాజధాని నుంచి లంకల దాకా గుర్రం మీద వెళ్లాలంటే ఒకటిన్నర రోజు. వానాకాలమైతే అసలు దారే ఉండదు. అందుకని పెద్దలు ఏటి పొడుగునా పన్నెండు బురుజులు కట్టి, ఒక్కో బురుజు మీద ఒక్కో నగారా పెట్టారు. మొదటి బురుజు వాయించింది రెండోది విని మళ్లీ వాయించాలి, అది విని మూడోది. ఒక్కో మాటకి ఒక్కో దెబ్బల వరస. ఏటికి వరద దిగితే కింది ఊళ్లకి ముందే తెలియాలని ఈ ఏర్పాటంతా.

ఉత్తుంగరాయలు గద్దెనెక్కాక ఒక శాసనం చేశాడు. రాజుగారి పేర వెళ్లే ఏ కబురుకైనా ముందు ఆయన బిరుదులన్నీ వాయించాలి. అవి వాయిస్తున్నంతసేపూ విన్నవాళ్లు ఎక్కడివాళ్లక్కడ చేతులు కట్టుకుని నిలబడాలి. మధ్యలో ఆగితే మళ్లీ మొదటి బిరుదు నుంచి రావాలి. ఒక్కటి వదిలేసినా వాయించినవాడి కుడిచేతి బొటనవేలు తీసేస్తారు.

ఈ పన్నెండు నగారాలకీ అధికారి పోలన. తోలు ఎప్పుడు బిగించాలో, ఏ గాలికి ఏ కర్ర వాడాలో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అయితే రాజసభలో అతనికి ఆసనం లేదు. గడప దగ్గర నిలబడి, అడిగినదానికి జవాబు చెప్పి, వెళ్లిపోవడమే.

ఒక భాద్రపదంలో వెండేరు పొంగింది. లంకల్లో ఇరవై ఏడుగురు కొట్టుకుపోయారు. సభలో రాజు పోలనని పిలిపించి అడిగాడు.

“నగారాలు మోగాయా?”

“మోగాయి ప్రభూ. పన్నెండు బురుజుల్లో ఒక్క దెబ్బ కూడా తప్పిపోలేదు.”

“అయితే మనవైపు లోపం లేదన్నమాట,” అన్నాడు మహామంత్రి విద్దనామాత్యుడు. రాజు తల ఊపాడు. పోలన కూడా ఆ పూట గర్వంగానే ఇంటికెళ్లాడు. ఉన్నమాట చెప్పుకోవాలి కదా!

నీళ్లు తీశాక, తడిసిన తోలు చూద్దామని పన్నెండో బురుజుకి వెళ్లాడు. ఆ బురుజు కాపరి చౌడయ్య నడివయసు మనిషి. వరదలో భార్యని పోగొట్టుకున్నాడు. పోలన నగారా చుట్టూ తిరిగి, తట్టి చూసి, “తోలు బాగానే ఉంది చౌడయ్యా,” అన్నాడు.

“బాగా మోగింది దొరా,” అన్నాడు చౌడయ్య. “ఒక్క దెబ్బ తప్పలేదు. బిరుదులన్నీ విన్నాం. నిలబడే విన్నాం.”

ఆ మాటలో కోపం లేదు. అదే పోలనకి ఎక్కడో గుచ్చుకుంది. బురుజు మెట్ల మీద కూలబడి లెక్క వేశాడు. బిరుదులు వాయించడానికి ఒక గడియ. పన్నెండు బురుజులకి పన్నెండు గడియలు. కొండల్లో దిగిన నీళ్లు లంకలకి చేరడానికి పట్టేదీ పన్నెండు గడియలే. ‘వరద వస్తోంది, మెట్టకి పొండి’ అన్న అసలు కబురు తాంబూలం నమిలేలోపు అయిపోతుంది.

ఇన్నేళ్లుగా నేను నగారా చూస్తున్నానే గానీ, అది మోగేది ఎవరికోసమో చూడలేదు కదా అనుకున్నాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. రాజధానికి తిరిగొచ్చినా అతనికి అన్నం సయించలేదు.

వేసవి వెళ్లిపోతోంది. మళ్లీ వానలు ముంచుకొస్తున్నాయి. పోలన సభకి వెళ్లి, ఎవరూ అడగకుండానే నోరు విప్పాడు.

“ప్రభూ, నగారా కబురు సమయానికి అందడం లేదు.”

“నగారాలు చిన్నవైపోయాయేమో,” అన్నాడు రాజు. “ఇంతకి రెండింతలవి చేయించు.”

“పెద్దవి చేయిస్తే బిరుదులు ఇంకా గట్టిగా వినిపిస్తాయి ప్రభూ. కబురు మాత్రం ఎప్పుడొచ్చేది అప్పుడే వస్తుంది. రాజ్యానికి ఏది ముందు, ఏది వెనక అన్నది తేలాలి.”

విద్దనామాత్యుడికి ఒళ్లు మండింది. “ఏమోయ్ పోలనా! రాజ్యానికి ఏది ముందో చెప్పడానికి మేమున్నాం. నువ్వు తోలూ కర్రా చూసుకో. నగారావాడు రాచకార్యాలు మాట్లాడడమేమిటి, విడ్డూరం కాకపోతే!”

సభలో అందరూ నవ్వారు. పోలన నవ్వులు ఆగేదాకా నిలబడ్డాడు.

“తోలు మార్చను, కర్ర మార్చను, మనిషిని మార్చను. పన్నెండు గడియల కబురుని ఒక్క గడియ లోపల లంకలకి చేరుస్తాను. అయితే ఏలినవారు పన్నెండో బురుజు దగ్గర నాలుగు రోజులు విడిది చెయ్యాలి. ఆ ఉపాయం ఏమిటో అక్కడ తమరే సెలవిస్తారు.”

“నేనా?” రాజు ఆశ్చర్యపోయాడు. “నాకు నగారా సంగతేం తెలుసు?”

“తమకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు ప్రభూ.”

ఆ మాట రాజుకి నచ్చింది. అది ముప్పై మూడో బిరుదులా వినిపించి ఉంటుంది!

“రాజుగారు ఏమీ సెలవివ్వకపోతే?” అన్నాడు మంత్రి.

పోలన కుడిచెయ్యి చాపాడు. “ఈ బొటనవేలు తీసేసుకోండి.” బొటనవేలు లేనివాడు నగారా కర్ర పట్టలేడు. అది అక్కడ అందరికీ తెలుసు.

బయలుదేరే ముందు పోలన రాణిగారి దర్శనం చేసుకున్నాడు. అప్పుడు రాకుమారి అక్కలదేవి పురిటికి పుట్టింటికి వచ్చి ఉంది. తొలిచూలు. ఇంకా పక్షం రోజులు గడువుందని జ్యోతిష్కులు చెప్పారు. కూతురంటే రాజుకి పంచప్రాణాలు.

“అమ్మా, ఏలినవారు లంకల్లో ఉన్నన్నాళ్లూ రాకుమారి క్షేమం రోజూ నగారా మీద పంపించండి. శాసనం ప్రకారమే, అన్ని బిరుదులతోనూ,” అన్నాడు.

మొదటి రోజు కబురొచ్చింది. బురుజు కింద ఇసకలో రాజుకి సింహాసనం వేశారు. లంక జనం చేతులు కట్టుకుని నిలబడ్డారు. పదకొండో బురుజు దెబ్బలు వింటూ చౌడయ్య ఒక్కో బిరుదూ పైకి చదివాడు. రాజు మీసం దువ్వుకుంటూ ఆఖరుదాకా విన్నాడు. చివర్లో ‘రాకుమారి క్షేమం’ అని వచ్చింది.

“ఎంత చక్కగా ఉంది!” అన్నాడు రాజు. మంత్రి పోలన బొటనవేలివంక చూశాడు.

రెండో రోజు మధ్యాహ్నం వచ్చిన కబురు వేరు. ‘తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగింది. మంత్రసానులు చూస్తున్నారు.’

రాజు ముఖం పాలిపోయింది. “ఇది తెల్లవారుజాము మాట కదూ! మరి ఇప్పుడేమయింది? ఇప్పుడు నా బిడ్డ ఎలా ఉంది?”

ఎవరు చెప్పగలరు? కూతురి కబురు కోసం తండ్రి కాస్త విసుక్కుంటాడు, అది చాలు అని పోలన అనుకున్నాడు గానీ, ఇలా వచ్చి పడుతుందని అతను కల్లో కూడా అనుకోలేదు. ఆ పిల్ల చల్లగా గట్టెక్కాలని తనకి తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాడు.

రాజు భోజనం ముట్టలేదు. ఇసకలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. పొద్దు వాలుతుండగా దూరంగా, పదో బురుజు వైపు నుంచి, సన్నగా నగారా వినిపించింది.

“వస్తోంది! కబురు వస్తోంది!” అని పరిగెత్తుకొచ్చాడు.

“ఆ దూరానికి దెబ్బలు తెలియవు ప్రభూ,” అన్నాడు చౌడయ్య. “పదకొండోది అంతా విని, మళ్లీ మొదటినుంచి వాయించాలి.”

ఒక గడియ గడిచింది. అప్పుడు పదకొండో బురుజు మోగింది. చౌడయ్య చెవి ఒగ్గి చదవసాగాడు.

“అరిరాయ మదభంజన... పశ్చిమాద్రి పంచానన... దానచింతామణి...”

రాజు వేళ్లు నలుపుకుంటున్నాడు.

“సంగీత పారావార... సత్కవి కల్పభూజ...”

“ఊఁ, ఊఁ, తర్వాత!”

“శత్రుకాంతా వైధవ్య దీక్షాగురు...”

“చాల్లేవయ్యా! అసలు సంగతి చెప్పు! నా తల్లి బతికుందా లేదా?”

“సంగతి ఇంకా రాలేదు ప్రభూ. ఇరవై ఆరు బిరుదులున్నాయి.”

రాజు పోలన వైపు తిరిగాడు. కళ్లలో నీళ్లున్నాయి. “పోలనా! ఆ బిరుదులు ఆపించు! పదకొండో బురుజువాణ్ణి సంగతి మాత్రం వాయించమను!”

పోలన చేతులు జోడించాడు. “ఆపితే వాడు మళ్లీ మొదటి బిరుదు నుంచి రావాలి ప్రభూ. ఆపమని మనం కబురు పంపాలన్నా అది తమ పేర వెళ్లే కబురే. దానికి ముందు ముప్పై రెండు బిరుదులూ మనం వాయించాలి.”

“ఏ మూర్ఖుడయ్యా ఈ నియమం పెట్టింది!”

విద్దనామాత్యుడు తన కాళ్లవంక చూసుకున్నాడు. నగారా మాత్రం ఆగలేదు. ‘రాజమార్తాండ’ అంది. ‘సకల దిగ్విజయ’ అంది. ‘నదీనద వశంకర’ అంది. రాజు రెండు చెవులూ మూసుకుని ఇసకలో కూర్చుండిపోయాడు.

చివరికి చౌడయ్య కేక పెట్టాడు. “ఆడపిల్ల ప్రభూ! తల్లీ బిడ్డా క్షేమం!”

రాజు భోరుమన్నాడు. అంతమందిలో, సిగ్గు లేకుండా, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కాసేపటికి ఉత్తరీయంతో ముఖం తుడుచుకుని అన్నాడు. “ఇవాళ్టి నుంచి కబురుకి ముందు ఒక్క బిరుదు కూడా వద్దు. కబురే ముందు.”

“ఏలినవారు ఉపాయం సెలవిచ్చారు,” అన్నాడు పోలన మెల్లగా. “ఇక గడియ లోపలే లంకలకి కబురు చేరుతుంది.”

రాజుకి అప్పుడర్థమైంది. ముఖం ఎర్రబడింది. “నా కూతురి ప్రాణం అడ్డం పెట్టి నాకు పాఠం చెప్తావా?”

“అలా ఊహించి ఉంటే తమని ఇక్కడికి తీసుకొచ్చేవాణ్ణి కాను ప్రభూ. నా తల మీద ఒట్టు. కానీ తమరు ఇప్పుడున్న ఈ చోటే కిందటి భాద్రపదంలో ఈ జనం నిలబడ్డారు. వాళ్లకీ ‘చాల్లే, అసలు సంగతి చెప్పు’ అనే అనిపించి ఉంటుంది. అలా అనే హక్కు ఒక్క తమకే ఉంది.”

రాజు చౌడయ్యవంక చూశాడు. “నిజమేనా?”

“నిజమే ప్రభూ. అది వరద కబురై ఉంటుంది, నేను మెట్టకి పోతానంది నా ఆడది. నేనే ఆపాను. బిరుదులు వస్తుంటే కదలకూడదే, తప్పు, ఇంకో నాలుగే ఉన్నాయి అన్నాను. నిలబడింది. మాట వినే మనిషి.”

రాజు లేచి వచ్చి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

“పోలనా, బిరుదులు రద్దని ఇప్పుడే పైకి కబురు పంపించు.”

“బిరుదులతోనా, లేకుండానా ప్రభూ? శాసనం ఇంకా పైబురుజులకి చేరలేదు. లేకుండా వాయిస్తే చౌడయ్య బొటనవేలు పోతుంది.”

రాజు ఒక్క క్షణం తెల్లబోయాడు. తర్వాత ఏడ్చిన కళ్లతోనే పకపకా నవ్వాడు. గబగబా బురుజు మెట్లెక్కి నగారా కర్ర అందుకున్నాడు. “నేనే వాయిస్తాను! నా బొటనవేలు తీసేవాడెవడో వచ్చి తియ్యమను!” చౌడయ్య చెయ్యి పట్టి దెబ్బలు చూపిస్తుంటే, తప్పులతడకగా అయినా, రాజే స్వయంగా ఆ కబురు వాయించాడు. లంక జనం మొదటిసారి చేతులు కట్టుకోకుండా విన్నారు.

“ఏం కావాలో కోరుకో,” అన్నాడు రాజు కిందికి దిగి, పోలనతో.

“సభలో ఒక ఆసనం ప్రభూ. మీరంతా ఒక నిర్ణయం చేశాక దాన్ని వాయించడం నా పని అనుకుని ఇన్నేళ్లూ గడప దగ్గర నిలబడ్డాను. ఆ నిర్ణయం ఎవరిని చేరుతుంది, చేరేసరికి వాళ్లు ఉంటారా అని అడగడం కూడా నా పనే. అది నిర్ణయం చేసే చోటే అడగాలి.”

విద్దనామాత్యుడు కాస్త ఇబ్బందిగా దగ్గాడు. “నా పక్కన చోటుంది,” అన్నాడు. అదీ ఆయన గొప్పతనమే అనుకోవాలి.

ఆ శ్రావణంలో వెండేరు మళ్లీ పొంగింది. కిందటేటికన్నా రెండు మూరలు ఎక్కువే వచ్చింది. పోలన సభలో తన ఆసనం మీద నుంచి లేచి కబురు పంపాడు. ఆ తర్వాత సభలో ఎవరికీ వేరే పని తోచలేదు. మర్నాడు సాయంత్రానికి లంకల నుంచి జవాబు మోగింది. పోలన దెబ్బలు విని పైకి చదివాడు.

“అందరం మెట్ట మీదున్నాం. ఒక్కరూ పోలేదు. ఇళ్లు పోయాయి. బియ్యం పంపు.”

సభ అంతా రాజు వంక చూసింది. రాజుకి జనం దగ్గర్నుంచి అలాంటి కబురు రావడం అదే మొదలు.

“ఒక్క దణ్ణం లేదు, ప్రభూ అన్న మాట లేదు!” అన్నాడు ఉత్తుంగరాయలు. “బియ్యం పంపు అట!” అంటూ గద్దె మీద వెనక్కి వాలి, కళ్లు తుడుచుకుంటూ కడుపుబ్బ నవ్వాడు. నవ్వుతూనే పడవలకి బియ్యం ఎక్కించమని చెయ్యి ఊపాడు. ఆ పాటికి పోలనా విద్దనామాత్యుడూ గడప దాటి రేవు వైపు నడుస్తున్నారు.