పొద్దుతో పందెం కాసిన నక్క

వాగు ఒడ్డున నల్లరేగడిలో బొల్లెద్దు, గుంటనక్క పక్కపక్క చేలు చేసుకునేవి. ఎద్దుకు చేనుతో పాటు పెద్ద గడ్డివాము ఉంది. నక్కకు ఉన్నదల్లా తడి బొరియ, అందులో చలికి వణికే పిల్లలు, నోరు ఊరుకోని పెళ్ళాం.

ఎండాకాలంలోనే నక్క ఎద్దు దగ్గరికి వచ్చింది.

"మామా, ఈ ఏడు అందరికంటే ముందే, దసరాకల్లా నా కందికి కాయ పడుతుంది. పడితే చలికాలమంతా నా పిల్లలు నీ వాములో పడుకుంటాయి."

"పడకపోతే?" అంది ఎద్దు నెమరు ఆపకుండా.

"చలికాలమంతా నీ చేనుకు కావలి నేనే. అడవిపందుల్ని తోలే పూచీ నాది."

ఎద్దు సరేనంది. అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు నక్క మురిసిపోయింది. అప్పుడైనా అనుమానం రావాల్సింది, రాలేదు. తెలివి ఎక్కువైతే వచ్చే చిక్కే అది.

అందరూ తొలకరి కోసం చూస్తుంటే నక్క ఎర్రటెండలో విత్తింది. వాగు నుంచి నీళ్ళు మోసి మోసి నడుం పడిపోయింది. కంది మాత్రం ఏపుగా లేచింది. వానలు పడ్డాక విత్తిన ఎద్దు చేను మోకాలెత్తుకు వచ్చేసరికి నక్క చేను ఎద్దు కొమ్ములు దాటింది.

"ఎండగా ఉంది మామా, వచ్చి నా చేని నీడన పడుకో," అంది నక్క.

"నీడ బాగుంది అల్లుడూ. పువ్వేదీ?"

పువ్వు లేదు. దసరా వచ్చింది, పోయింది, ఒక్క మొగ్గ లేదు. పెళ్ళాం చేను చుట్టి వచ్చి, "పప్పుకు వేశావా, పొయ్యిలోకి కట్టెలకు వేశావా?" అంది. నక్క తోక ముడుచుకుని కూర్చుంది.

ఆ తర్వాత పగళ్ళు కురచబడ్డాయి, రాత్రుళ్ళు చల్లబడ్డాయి. ముందు విత్తినదీ వెనక విత్తినదీ, రెండు చేలూ ఒకే వారంలో పసుపుపచ్చగా పూశాయి. నక్కకు కడుపు మండింది, ఎద్దు మీద కాదు, తన మీదే.

"నీకు ముందే తెలుసా మామా?"

"కంది నీ తొందర చూసి పూయదురా. పగలు తగ్గి రాత్రి పెరిగితేనే పూస్తుంది. ఎండల్లో వేశావు, పొడుగు పెరిగింది, అంతే."

"మరి చెప్పొద్దా?"

"నువ్వు అడిగింది పందెం, సలహా కాదు. పోనీ, పిల్లల్ని వాములోకి పంపు. పందెం కాసింది అవి కాదుగా."

పిల్లలు వెచ్చగా పడుకున్నాయి, వాటితో పాటు పెళ్ళామూ వెళ్ళింది. చలికాలమంతా మంచె మీద వణుకుతూ పందుల్ని తోలింది నక్క ఒక్కటే. తన తెలివికి తనకే నవ్వు వచ్చేది గానీ, పళ్ళు టకటకలాడి నవ్వనిచ్చేవి కావు.

ఇందులో నీతి నక్క మాటల్లోనే వినండి: విత్తనాన్ని తొందరపెట్టగలం గానీ, పొద్దును తొందరపెట్టలేం.