ఎడమ పక్క వైరు

వైర్ల కొసల దగ్గర ఒక్కోదానికీ ఒక్కో రంగు కనిపించింది కదా అని, ఏసోబు గుర్తులు కట్టకుండానే కారులో సామానంతా పీకేశాడు. టేపు చుట్టు విప్పి చూస్తే లోపలంతా ఒకటే ఎర్ర వైరు. మునుపెవడో పుణ్యాత్ముడు ఒకే చుట్ట కొని, కారు మొత్తానికీ తిప్పేశాడు.

"ప్రతి కొసకీ గుడ్డ పేలిక కట్టుకోరా" అని పని నేర్పే మీరావలి ఉస్తాద్ ముందే చెప్పాడు.

"గుర్తుంటది ఉస్తాద్" అన్నాడు ఏసోబు. పెళ్ళిరోజు గుర్తుండని మగాళ్ళకి వైర్లు మాత్రం భలే గుర్తుంటాయి.

అది ఆడవాళ్ళకి డ్రైవింగు నేర్పే వకుళ మేడం కారు. మూల పడితే ఎలకలు వైర్లన్నీ కొరికేశాయి. "దీన్ని ఒక్కడివే నిలబెట్టు. ఆనక నీ షాపు నువ్వు పెట్టుకో" అని ఉస్తాద్ మాటిచ్చాడు. ఏసోబు అప్పుడే బైపాసు పక్కన రేకుల గది కూడా చూసుకున్నాడు.

ఒక్కో వైరూ తడుముకుంటూ చాలావరకు కలిపాడు. వైర్లు తగిలించే కప్లర్లు రెండు మిగిలాయి. ఒకటి ఎడమ తలుపు పక్కన, స్విచ్చు ఊడిపోయి, ఉత్త ప్లాస్టిక్ నోరు తెరుచుకుని వేలాడుతోంది. కారు వైరింగు పుస్తకంలో ఆ చోట ఏమీ లేదు. రెండోది వెనకాల ఎక్కడో.

"డ్రైవరుకి అందని చోట స్విచ్చేంది ఉస్తాద్? పనిలేనోడెవడో పెట్టుంటాడు. కోసేసి టేపు చుట్టేస్తా."

ఉస్తాద్ వాడి చేతిలోని కటింగ్ ప్లేయరు వంక చూశాడు గానీ వద్దనలేదు.

"ముందు వచ్చి ఆ ఎడమ పక్కన కూర్చో."

సీట్లు లేవు. రెండు రంగు డబ్బాలు బోర్లించి ఉన్నాయి. ఉస్తాద్ చక్రం కింది ఇటుక లాగేసి, వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

షెడ్డు ముందు వాలు. బోడి కారు మెల్లగా కదిలింది. ఉస్తాద్ చేతులు ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళిచూపుల్లో పిల్లలా కూర్చున్నాడు.

"ఉస్తాద్! జామకాయల బండి!"

ఉస్తాద్ చేతులు ఒళ్ళోంచి తియ్యలేదు.

"ఉస్తాద్, బ్రేకూ!" ఏసోబు ఎడం చెయ్యి దానంతటదే తలుపు పక్క రేకు మీద దబదబా బాదింది.

అప్పుడు లాగాడు ఉస్తాద్ హ్యాండ్ బ్రేకు. కారు ఆగింది.

"గుడ్డోడా! హారనన్నా కొట్టొద్దూ!" జామకాయలమ్మాయి తిట్లకి వీధి వీధంతా తొంగిచూసింది.

"తప్పయిందమ్మా" అని ఉస్తాద్ ఆమెకి దణ్ణం పెట్టి, ఏసోబు చెయ్యి వంక చూశాడు. ఏసోబూ చూసుకున్నాడు. అరచేతి కిందే కప్లరు నలుగుతోంది.



ఏసోబు దిగి, సెల్లు కట్టిన టెస్టు బల్బు ఒక కొస కప్లరులో గుచ్చి, ఇంకో కొస ముందున్న హారను వైరుకి తాకించాడు. బల్బు వెలిగింది. ఆ వైరు హారనుదే.

"ఇది నేర్పేటప్పుడు మేడం కూర్చునే చోటు" అన్నాడు మెల్లగా.

ఇద్దరూ కలిసి కారుని షెడ్డులోకి తోశారు. ఏసోబు కూర్చోడానికి రంగు డబ్బా తీసుకుని కారు వెనక్కి నడిచాడు.

"ఉస్తాద్, మరి ఈ వెనకది..."

ఉస్తాద్ అప్పటికే చెప్పులు తొడుక్కుంటున్నాడు.

"నన్నడుగుతావేందిరా? రేపు నీ షాపులో నేనుంటానా?"