కుంటుతూ వచ్చిన అడుగులు

అనగనగా ఒక అడవి ఉండేది. అడవి అనగానే పులికి భయపడే అడవి అనుకునేరు! అక్కడి పులి ఎప్పుడో ముసలిదైపోయింది, నోట్లో పళ్ళు కూడా లేవు. ఆ అడవిలో అందరూ హడలిపోయేది తుమ్మముల్లుకి. ఎటు చూసినా తుమ్మ, పరికి, రేగు. కాలు తీసి కాలు వేస్తే చాలు, కసుక్కున దిగేది.

ఆ అడవిలో సూదులమ్మ అనే ముళ్ళపంది ఉండేది. ఒంటినిండా ముళ్ళున్నదానికి ముళ్ళ సంగతి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది చెప్పండి! ఎంత లోతున విరిగిన ముల్లైనా సరే, తన ముల్లు కొనతో పైతోలు కాస్త ఎత్తేది. పళ్ళతో పట్టి ఒక్క లాగు లాగేది. "అబ్బా" అనేలోపు పని అయిపోయేది. వాళ్ళమ్మ నేర్పిన విద్య అది. ముల్లును ముల్లుతోనే తీయాలంటారే, ఆ మాట వీళ్ళింట్లోనే పుట్టిందేమో!

ఒక వేసవిలో అడవికి పెద్దదిక్కైన ఏనుగు పెద్దయ్య, కొండ కింద బండ చాటున సూదులమ్మకు ఒక చోటు ఇచ్చాడు. ఇస్తూ అడవి ఆనవాయితీ గుర్తుచేశాడు.

"చూడు సూదులమ్మా, తొలకరి పడి నేల పచ్చబడ్డాక వస్తాను. నీ గుమ్మం ముందు నలుగురు నడిచిన దారి కనబడాలి. గడ్డి మొలిచిందనుకో, నీతో ఎవరికీ పని లేదని లెక్క. చోటు ఇంకొకరికి ఇచ్చేస్తాను. తర్వాత నన్ను అనుకోవద్దు."

"మీకా బెంగే వద్దు పెద్దయ్యా!" అంది సూదులమ్మ.

గుమ్మం పక్క రాయి మీద గొప్పగా ఒక పేరు చెక్కుకుంది: "శ్రీ సూదులమ్మ కంటక నివారణ కుటీరం." చెక్కి, దూరంగా నిలబడి చూసుకుని, తనలో తనే మురిసిపోయింది. ఇక కూర్చుంది. ఎదురుచూసింది. ఈగ కూడా వాలలేదు!

పోనీ ముళ్ళు దిగడం మానేశాయా అంటే అదీ లేదు. అందరూ కుంటుకుంటూ వాగు అవతలి కోతి దగ్గరికి పోయేవారు. కోతికి ఓపిక ఎక్కడిది? సగం ముల్లు పీకేది, సగం లోపలే విరగ్గొట్టేది. అది చీము పట్టి వాళ్ళు నానా యాతన పడుతుంటే సూదులమ్మకు ప్రాణం ఉసూరుమనేది. "నా దగ్గరికి రాకూడదూ, చిటికెలో తీసేదాన్ని కదా!" అని గొణుక్కునేది.

ఎందుకు రారంటే, దానికో కారణం ఉంది. ఆ అడవిలో నాలుగు దారులు కలిసే చోట ఒక నేరేడు చెట్టు, దాని మీద జాడమ్మ అనే గోరువంక ఉండేది. ఎవరికి ఏం కావాలన్నా జాడమ్మనే అడిగేవారు. "తేనె ఎక్కడ? నీళ్ళెక్కడ? ముల్లెవరు తీస్తారు?" ఆమె టకటకా పేర్లు చెప్పేది. ముందు ఎవరి పేరు చెబితే వాళ్ళింటికే అందరూ పరుగు. మీరు మాత్రం? ఫోన్‌లో ఏదైనా వెతికితే పైన వచ్చినదాన్నే నొక్కరూ? ఇదీ అంతే.

మరి కొమ్మ మీద కూర్చున్న జాడమ్మకు ఇవన్నీ ఎలా తెలుస్తాయి? చీమలు చెబుతాయి. చీమ దూరని ఇల్లు ఉంటుందా? అవి ప్రతి గుమ్మం తొక్కి, ఏముందో చూసి, వచ్చినవాళ్ళు ఏమనుకుంటున్నారో విని, జాడమ్మకు చేరవేసేవి.

సూదులమ్మ నేరేడు చెట్టు కిందికి వెళ్ళింది. "జాడమ్మక్కా, నా పేరు ఒక్కసారైనా చెప్పవేమక్కా?"

"నాకు ఎవరి మీదా పక్షపాతం లేదమ్మా. చీమలు చూసింది చెబుతాను. నీ గుమ్మంలో చూడ్డానికి ఏముందని? నోరు తిరగని పేరు తప్ప!" అంది జాడమ్మ.

సూదులమ్మకు ఒళ్ళు మండింది. 'ఎంత మంచి పేరు పెట్టుకున్నాను! వీళ్ళకేం తెలుసు' అనుకుంటూ తిరిగి వస్తుంటే, తోవ పక్క బండ మీద తల ఊపుతూ ఒక తొండ కనబడ్డాడు. పేరు రంగులయ్య. ఎర్ర పువ్వు పక్కన ఎర్రగా, పచ్చాకు పక్కన పచ్చగా ఉంటాడు. మాట మాత్రం ఎప్పుడూ తియ్యనే.

"ఏం వదినా, మొహం అలా వేలాడేశావు?"

సూదులమ్మ గోడు వెళ్ళబోసుకుంది. రంగులయ్య పకపకా నవ్వాడు.

"ఓస్, ఇంతేనా! నువ్వు దాచుకున్న దుంపల్లో సగం నాకివ్వు. జాడమ్మ నోట ముందు నీ పేరే పలికిస్తాను. తొలకరికి నీ గుమ్మం ముందు బండి బాట లాంటి దారి పడకపోతే నా పేరు మార్చుకుంటాను!"

రంగులు మార్చేవాడికి పేరు మార్చడం ఒక లెక్కా, మీరే చెప్పండి! కానీ మునిగేవాడు గడ్డిపరక దొరికినా పట్టుకుంటాడు. సూదులమ్మ సరేనంది.

రంగులయ్య పని మొదలుపెట్టాడు. ముందుగా సూదులమ్మ ఇంటి చుట్టూ ఉన్న ప్రతి రాయి మీద, ప్రతి చెట్టు మీద "ముల్లు ముల్లు ముల్లు" అని గీకాడు. ఆకుల్ని కూడా వదల్లేదు. తర్వాత కాకుల గుంపును పిలిచి వాటికి కొన్ని దుంపలు పడేశాడు. అవి అడవంతా తిరుగుతూ "సూదులమ్మ భేష్! మా ముల్లు తీసింది భేష్!" అని ఒకటే అరుపు. గాల్లో ఎగిరే కాకికి కాల్లో ముల్లు ఎప్పుడు దిగిందో ఎవరూ అడగలేదు.

మూడోది అన్నిటికన్నా ఘనమైన ఎత్తు. కొండగొర్రెల మందను మాట్లాడుకొచ్చి, పొద్దున్నించి సాయంత్రం దాకా గుమ్మం ముందు అటూ ఇటూ పరుగెత్తించాడు. చూస్తుండగానే అంత వెడల్పు దారి పడిపోయింది!

"చూశావా వదినా?" అన్నాడు రంగులయ్య.

'ఇది సరైన పనేనా' అని సూదులమ్మకు ఒక్క క్షణం అనిపించింది. అయినా ఆ దారి చూసేసరికి ఆ అనుమానం కాస్తా సర్దుకుంది.

నిజంగానే జాడమ్మ నోట ముందు సూదులమ్మ పేరు రావడం మొదలైంది. చీమలు వచ్చి "అక్కడ ఏ రాయి చూసినా ముల్లు మాటే, ఏ చెట్టు మీద విన్నా ఆవిడ పొగడ్తే" అని చెబితే పాపం జాడమ్మ మాత్రం ఏం చేస్తుంది?

మర్నాడు పొద్దున్నే కొమ్ముల తాత వచ్చాడు. తాత అంటే ముసలి దుప్పి. ముందు కాలికి ముల్లు దిగి, మూడు కాళ్ళ మీద గెంతుకుంటూ, "సూదులమ్మా, ఉన్నావా తల్లీ?" అని పిలిచాడు. మొదటిసారి తనను వెతుక్కుంటూ ఒకరు వచ్చారు! సూదులమ్మకు ఆనందంతో ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి.

సరిగ్గా అప్పుడే కొండగొర్రెల మంద దడదడమంటూ వచ్చిపడింది. దుమ్ము లేచింది. పక్కకు తప్పుకోవడానికి తాతకు కాలు సాగదాయె! మంద తోసిన తోపుకు ఎగిరి పరికిపొదలో పడ్డాడు. వచ్చింది ఒక్క ముల్లుతో, లేచింది ఒళ్ళంతా ముళ్ళతో.

"తాతా! ఆగు తాతా!" అని సూదులమ్మ పరుగెత్తింది.

"నీకూ నీ వైద్యానికీ ఒక దండం!" అని తాత మూలుగుతూ వెళ్ళిపోయాడు.

అదంతా చూసిన చీమలు ఆ రోజు నేలను జాగ్రత్తగా చూశాయి. చూసి, జాడమ్మ దగ్గరికి వెళ్ళాయి.

"జాడమ్మా, మోసపోయాం! దారైతే వెడల్పే. కానీ ముల్లు తీసే ఇంటికి వచ్చేవాళ్ళు కుంటుతూ రావాలా వద్దా? ఆ దారిలో కుంటిన అడుగు ఒకే ఒక్కటి ఉంది. అది కూడా కుంటుతూనే వెళ్ళిపోయింది!"

అంతే, జాడమ్మ సూదులమ్మ పేరు ఎత్తడం మానేసింది. ఎవరైనా గుర్తుచేసినా "ఆ ఇంటి ఊసెత్తకండి" అనేసింది. రంగులయ్య? మిగిలిన దుంపలు మూటగట్టుకుని ఎప్పుడో చెక్కేశాడు.

సూదులమ్మ గుమ్మంలో కూలబడి ఏడ్చింది. పేరు పోయినందుకు ఏడ్చిందనుకుంటున్నారా? అదీ ఉంది, ఎందుకు లేదు! కానీ అంతకన్నా, తన ఇంటికి వచ్చిన ముసలాయన మరిన్ని ముళ్ళతో వెళ్ళాడే అని గుండె కోసుకుపోయింది. వాళ్ళమ్మ ఉంటే ఏమనేది? కళ్ళు తుడుచుకుని లేచింది. నేరుగా తాత ఉండే వెదురుపొదకు వెళ్ళింది.

"మళ్ళీ ఎందుకొచ్చావు?" అన్నాడు తాత, ముఖం తిప్పుకుని.

"తప్పు నాదే తాతా. ఆ గొర్రెల్ని రప్పించింది నేనే. తిట్టు, పడతాను. కానీ ముందు ముళ్ళు తీయనీ."

తాత ముఖం తిప్పుకునే కాలు ముందుకు చాపాడు. సూదులమ్మ ఒక్కొక్క ముల్లూ ఏరింది. చివరి ముల్లు వచ్చేసరికి తాత గుర్రు పెడుతున్నాడు. అంత హాయిగా ఉంది మరి ఆ చెయ్యి!

లేచాక తాత మెత్తబడ్డాడు. "ఇంత పనితనం పెట్టుకుని ఆ పిచ్చి పనులేంటే? నీ రాతి మీద ఆ పేరేంటి? కాల్లో ముల్లు దిగితే ఎవడైనా 'కంటకం, కంటకం' అని ఏడుస్తాడా? 'అమ్మో, ముల్లు' అంటాడు. ఇంకోటి, నీ గుమ్మం ముందు అన్నీ గులకరాళ్ళు. బాగున్న కాలికే కష్టం, కుంటికాలికి మాటా?"

సూదులమ్మ నాలుక్కరుచుకుంది. ఇన్నాళ్ళూ తనకు ముద్దొచ్చింది చేసింది గానీ, నొప్పితో వచ్చేవాళ్ళ వైపు నుంచి ఒక్కసారైనా చూసుకోలేదు.

ఇంటికి వచ్చి పని మొదలుపెట్టింది. రాళ్ళ మీదా చెట్ల మీదా ఉన్న గీతలన్నీ రుద్ది చెరిపింది. గులకరాళ్ళు ఏరేసి, వాగు నుంచి మెత్తటి ఇసుక తెచ్చి పరిచింది. గొప్ప పేరు తీసేసి "కాల్లో ముల్లు దిగిందా? ఇటు రండి, తీస్తాను" అని రాసింది. అంతటితో ఆగలేదు. నీళ్ళ రేవు దగ్గర కూర్చుని, చిన్న ముల్లైతే ఇంట్లోనే ఎలా తీసుకోవాలో, ఏ తోవలో ముళ్ళు ఎక్కువో వచ్చేపోయేవాళ్ళకు చెప్పసాగింది.

"అన్నీ ఊరికే చెప్పేస్తే ఇక నీ దగ్గరికి ఎవరొస్తారే?" అని ఉడుతొకటి ఎగతాళి చేసింది.

"రాకపోతే పోనీ. వాళ్ళ నొప్పి తగ్గుతుందిగా" అంది సూదులమ్మ.

కానీ వచ్చారు! చిన్న ముల్లు తానే తీసుకున్న కుందేలు, పెద్ద ముల్లు దిగగానే "రేవు దగ్గర చెప్పిందే, ఆవిడే" అని వెతుక్కుంటూ వచ్చింది. కుందేలు చెబితే తోడేలు వచ్చింది. కొమ్ముల తాత అయితే కనబడినవాళ్ళందరికీ కాలు చాపి మరీ చూపించేవాడు. చీమలు ఇవన్నీ చూస్తూనే ఉన్నాయి. వెంటనే జాడమ్మకు చెప్పలేదు. ఒకసారి మోసపోయాయి కదా!

ఇంతలో తొలకరి పడింది. అడవంతా పచ్చగా గడ్డి మొలిచింది. గొర్రెలు తొక్కిన ఆ వెడల్పు దారి కూడా పచ్చబడిపోయింది. ఏనుగు పెద్దయ్య వస్తున్నాడని తెలిసి సూదులమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

పెద్దయ్య వచ్చాడు. చెవులు ఊపుకుంటూ గడ్డి వంక చూశాడు. "అయ్యో సూదులమ్మా..." అని ఏదో అనబోతుండగా జాడమ్మ రివ్వున వచ్చి అతని వీపు మీద వాలింది.

"తొందరపడకు పెద్దయ్యా. వంగి చూడు. ఆ పచ్చిక మధ్యలో సన్నగా ఇసుక దారి కనబడుతోందా?"

పెద్దయ్య వంగి చూశాడు. దారి చాలా సన్నం. కానీ అక్కడ గడ్డిపోచ మొలవలేదు. తడి ఇసుకలో లోపలికి వెళ్ళిన అడుగులన్నీ ఒక కాలు తేలిగ్గా, ఒక కాలు బరువుగా పడ్డాయి. బయటికి వచ్చిన అడుగులు నాలుగూ సమానంగా పడ్డాయి.

"చీమలు రోజూ చూసి వచ్చాకే చెబుతున్నాను" అంది జాడమ్మ. "ఇవాళ్టి నుంచి ముందు పేరు ఈమెదే."

పెద్దయ్య తొండం ఎత్తి సూదులమ్మ తల నిమరబోయి, ముళ్ళు చూసి వెనక్కి తీసుకున్నాడు. అందరూ ఒకటే నవ్వు. "ఈ చోటు నీదే తల్లీ!" అన్నాడు. సూదులమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

కథ అయిపోలేదు, కూర్చోండి! కొన్నాళ్ళకు నేరేడు చెట్టు కిందికి ఒకడు కుంటుకుంటూ వచ్చాడు. ఎవరో కాదు, రంగులయ్యే. ఈసారి ఏ రంగూ లేదు, నొప్పికి తెల్లగా పాలిపోయాడు.

"జాడమ్మా, ముల్లు! ఎవరు బాగా తీస్తారు?"

"సూదులమ్మ."

"నిజంగానేనా? ఎవరైనా దుంపలిచ్చి చెప్పించలేదు కదా?" అన్నాడు అనుమానంగా.

"వెళ్ళి ఆమె గుమ్మం ముందు దారి చూడు నాయనా" అంది జాడమ్మ.

రంగులయ్య సిగ్గుతో తలదించుకుని గుమ్మం ముందు నిలబడ్డాడు. సూదులమ్మ ఒక్క క్షణం అతని వంక చూసింది. పాత మాటలేవీ ఎత్తలేదు. కాలు పట్టుకుంది, లాగింది, ముల్లు బయటికి వచ్చేసింది.

"వదినా, నీ మేలు మరిచిపోను! ఇప్పుడే వెళ్ళి అడవంతా నీ గురించి..."

"నువ్వేం చెప్పొద్దు రంగులయ్యా" అంది సూదులమ్మ నవ్వుతూ. "ఆ ఇసుక మీద తిన్నగా నడిచి ఇంటికి వెళ్ళు. అది చాలు."

నీతి: అరువు పొగడ్తలతో వేసిన దారి మీద తొలకరికే గడ్డి మొలుస్తుంది; మన వల్ల బాగుపడి వెళ్ళినవాళ్ళ అడుగులే మన గుమ్మానికి నిలిచే దారి.