ఎలోయ్ మెడలో ఈల

ఫ్రాన్స్ దేశపు దక్షిణాన ద్రాక్షతోటల మధ్య ఉన్న మోంబ్రియాల్ అనే చిన్న పట్టణంలో ఎలోయ్ రుఫియాక్ అనే రగ్బీ లీగ్ ఆటగాడు ఉండేవాడు. ఎంతటి బలశాలి ఎదురొచ్చినా జంకేవాడు కాదు గానీ, రిఫరీ ఈల ఊదితే మాత్రం ఓర్చుకోలేకపోయేవాడు.

ఆ ఆటలో జట్టుకు పదమూడు మంది. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకన ఇరికించుకుని పరుగెత్తాలి. అవతలివాళ్ళు పట్టి పడేస్తే లేచి మళ్ళీ ఆడాలి. చివరి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే ట్రై, అంటే పాయింట్లు. తోటివాడికి బంతి అందించాలంటే పక్కకో వెనక్కో విసరాలి. ముందుకు విసరకూడదు.

ఎలోయ్ చిన్నప్పటినుంచీ ద్రాక్షబుట్టలు మోసి భుజాలు పెంచాడు. అతన్ని పడెయ్యాలంటే ముగ్గురు కావలసివచ్చేది. దేశం జట్టులోకి పిలుపు వచ్చిన రోజున ఊళ్ళో బేకరీ ఆయన కోడిపుంజు ఆకారంలో రొట్టెలు కాల్చి వీధంతా పంచాడు. ఫ్రాన్స్ ఆటగాళ్ళ చొక్కామీద గుర్తు కోడిపుంజే మరి! కొన్నేళ్ళు ఎలోయ్ ఆ చొక్కా వేసుకుని దేశదేశాలు తిరిగాడు. గెలిస్తే తన బలం అనేవాడు. ఓడితే రిఫరీ గుడ్డివాడు అనేవాడు.

ఒకసారి ఇంగ్లండ్‌తో పోటీ జరుగుతోంది. కొద్ది నిమిషాలే మిగిలాయి. ఫ్రాన్స్ రెండు పాయింట్లు ముందుంది. ఎలోయ్ బంతి విసిరాడు, తోటివాడు అందుకుని గీత దాటాడు. రిఫరీ ఈల ఊదాడు.

"బంతి ముందుకు వెళ్ళింది. ట్రై చెల్లదు" అన్నాడు.

"నీ కళ్ళు అద్దెకిచ్చి వచ్చావా?" అంటూ ఎలోయ్ ఆయన మీదికి వెళ్ళాడు.

"వదిలెయ్, ఎలోయ్! ఇంకా మనమే ముందున్నాం" అని కెప్టెన్ చెయ్యి పట్టుకుని లాగాడు. ఎలోయ్ వినలేదు. రిఫరీ చేతిలోని ఈల లాక్కుని జనం మధ్యకు విసిరేశాడు. రిఫరీ మైదానం బయటికి దారి చూపించాడు. ఎలోయ్ నిలబడవలసిన చోటు ఖాళీ అయింది. ఇంగ్లండ్ వాళ్ళు సరిగ్గా ఆ సందులోంచే దూసుకెళ్ళి గెలిచారు.

ఆ తరవాత దేశం జట్టు అతన్ని మళ్ళీ పిలవలేదు. మోకాళ్ళు మొరాయించేదాకా సొంత ఊరి జట్టుకే ఆడాడు. సోలాంజ్‌ను పెళ్ళి చేసుకున్నాడు. ఆట మానేశాక ప్రతి ఆదివారం మైదానం కంచె పట్టుకుని నిలబడి, వచ్చిన రిఫరీనల్లా తిట్టేవాడు. "నా బతుకు పాడుచేసింది ఒక రిఫరీ" అని కనబడ్డవాళ్ళందరికీ చెప్పేవాడు.

ఒక ఆదివారం మోంబ్రియాల్‌కూ పక్క ఊరు కస్తెల్‌రోక్‌కూ పెద్ద పోటీ పడింది. గెలిచినవాళ్ళు ఫైనల్‌కు వెళ్తారు. జనం కిక్కిరిసి ఉన్నారు. ఇంతలో రిఫరీ కారు కొండదారిలో ఆగిపోయిందని ఫోన్ వచ్చింది. రెండు జట్లూ ఒప్పుకుంటే ఇంకెవరైనా ఈల పట్టుకోవచ్చు. ఎవరు పట్టుకుంటారు?

కస్తెల్‌రోక్ కెప్టెన్ గిలెమ్ ముందుకు వచ్చాడు. "ఎలోయ్ గారు ఊదితే మాకు అభ్యంతరం లేదు. దేశానికి ఆడిన మనిషి. మాకు అన్యాయం చెయ్యరు" అన్నాడు.

ఎలోయ్ ఛాతీ పొంగింది. "రిఫరీ అంటే ఎలా ఉండాలో ఇవాళ చూపిస్తాను!" అని ఈల మెడలో వేసుకున్నాడు.

ఆ పని ఎంత కష్టమో ఆట మొదలయ్యాక గాని తెలిసిరాలేదు. ఎటు చూసినా కాళ్ళు, చేతులు, బురద. కళ్ళలోకి ఎండ. బంతి ఎవరి పొట్టకింద ఉందో తెలియదు. అటువాళ్ళు మాది అంటారు, ఇటువాళ్ళు మాది అంటారు. ఆలోచించడానికి రెప్పపాటు టైము కూడా ఉండదు. ఒకసారి ఎలోయ్ పొరపాటుగా గిలెమ్ జట్టుకు రావలసిన బంతిని తన ఊరికి ఇచ్చేశాడు. ఈల ఊదిన మరుక్షణమే తప్పని అర్థమైంది.

"క్షమించు, సరిగ్గా కనబడలేదు" అన్నాడు గిలెమ్‌తో.

"ఫరవాలేదండీ. ఆటన్నాక జరుగుతుంది" అని గిలెమ్ నవ్వి తన చోటికి పరుగెత్తాడు. ఎలోయ్ ముఖం ఎర్రబడింది. ఆ చిన్న మాట తన నోట ఏనాడూ రాలేదు.

ఆఖరి నిమిషానికి కస్తెల్‌రోక్ మూడు పాయింట్లు ముందుంది. అప్పుడు మోంబ్రియాల్ ఆటగాడు మార్సెలిన్ బంతితో దూసుకొచ్చి గీతమీదికి దూకాడు. మార్సెలిన్ ఎవరో కాదు, సోలాంజ్ తమ్ముడు. ట్రై ఇస్తే నాలుగు పాయింట్లు, ఊరు ఫైనల్‌కు వెళ్తుంది. జనం టోపీలు గాల్లోకి ఎగరేశారు. మార్సెలిన్ చేతులెత్తి, "ట్రై! బావా, ట్రై!" అని అరిచాడు.

ఈసారి ఎలోయ్‌కు స్పష్టంగా కనబడింది. నేలకు ఆనకముందే బంతి మార్సెలిన్ వేళ్ళలోంచి జారిపోయింది. ఎలోయ్ తప్ప మరెవరూ చూసినట్టు లేదు. గిలెమ్ అరవలేదు, వాదించలేదు. ఎలోయ్ వైపే చూస్తూ నిలబడ్డాడు.

ఎలోయ్ ఈల ఊదాడు. "బంతి జారింది. ట్రై చెల్లదు!"

మైదానం గగ్గోలెత్తింది. "అమ్ముడుపోయావా?" అని ఒకాయన అరిచాడు. బేకరీ ఆయన, "రేపట్నుంచి రొట్టెకు పక్క ఊరికే వెళ్ళు!" అన్నాడు. అందరికన్నా గట్టిగా సోలాంజ్ అరిచింది. "ఏమయ్యా! ఇంటికి రావా నువ్వు?"

ఎలోయ్ తల వంచుకుని అన్నీ విన్నాడు. వింటుంటే కోపం రాలేదు. ఇంగ్లండ్ పోటీనాటి రిఫరీ ఒక్కడే నిలబడి తన తిట్లు విన్న తీరు కళ్ళముందు మెదిలింది. 'ఆ రోజు జట్టును ఓడించింది ఆయన కాదు, నా నోరు' అనుకున్నాడు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి మార్సెలిన్ వంటింట్లో కూర్చుని సూప్ తాగుతున్నాడు.

"బావా, బంతి జారిందని నాకూ తెలుసు" అన్నాడు నెమ్మదిగా.

"మరి అంత కేకలెందుకు వేశావురా?"

"బావవు కదా, ఇస్తావేమోనని ఆశ!"

సోలాంజ్ గరిట పట్టుకుని తమ్ముడి వైపు తిరిగింది. "దొంగ వెధవా! నీకోసం ఊరందరి ముందు మొగుణ్ణి తిట్టాను కదరా!" అంది. ముగ్గురూ విరగబడి నవ్వారు. మర్నాడు బేకరీకి వెళ్ళి మార్సెలినే నిజం చెప్పి వచ్చాడు.

ఆ ఏడే ఎలోయ్ రిఫరీ పరీక్ష రాసి పాసయ్యాడు. చాలా ఏళ్ళు ఊరూరా తిరిగి పోటీలు నడిపాడు. తిట్టినవాళ్ళు తిట్టారు, పొగిడినవాళ్ళు పొగిడారు. కానీ గట్టి పోటీ ఎక్కడ పడినా రెండు జట్లవాళ్ళూ "ఎలోయ్ గారినే పంపండి" అని అడిగేవారు.

నీతి: తీర్పు చెప్పేవాణ్ణి తిట్టడం తేలిక, ఆ చోట నిలబడి, తనవాళ్ళకు నష్టం వచ్చినా నిజమే పలకడం గొప్ప.