బొరియల తరఫు సభ్యుడు

నల్లగుట్ట వాలులోని బొరియల్లో ఉండే కుందేళ్లన్నీ కలిసి అడవి సభకు ఎన్నుకుని పంపిన సభ్యుడు తెల్లమూతి. చెడ్డవాడేం కాదు, మాటకారి కూడా. అయితే సభలో నక్క జట్టు, తోడేలు జట్టు అని రెండున్నాయి. గెలిచిన మూడో రోజుకే మన తెల్లమూతి నక్క జట్టులో చేరి, బొరియల సంగతి గాలికొదిలేశాడు.

సభకు బయల్దేరే ముందు సభ్యుడు గుట్ట మీద నిలబడి "ఉన్నారా?" అని అడగాలి. లోపలివాళ్లు వెనక్కాలితో నేల మీద కొట్టి ఉన్నామని చెప్పాలి. అది అక్కడి ఆచారం.

ఒక పొద్దున ముసలి కుందేలు ఎర్రమ్మ దారికి అడ్డొచ్చింది.

"నాయనా, జంగుపిల్లి బొరియల్లో దూరింది. ఎగువ వరసలో ఒక్కరూ మిగల్లేదు. సభలో చెప్పి దాన్ని గుట్ట దాటించు."

"చూద్దాం పిన్నీ. ఇవాళ సభలో ఎత్తు బండ మీద ఎవరు కూర్చోవాలన్న తగువుంది. మా నక్కగారికి పరువు సమస్య."

"మాకు ప్రాణాలు పోతున్నాయిరా."

"ఆ పిల్లి కూడా మా జట్టే. ఇప్పుడు దాని పేరెత్తితే తోడేలు పక్షం ముందు చులకనైపోతాం. బండ సంగతి తేలనీ."

బండ సంగతి పది రోజులైనా తేలలేదు. రోజూ తెల్లమూతి "ఉన్నారా?" అనడం, చప్పుళ్లు రోజురోజుకీ పలచబడటం. వంగి ఒక్క బొరియలోకైనా తొంగిచూశాడా అంటే, లేదు. చూస్తే సభలో చెప్పాల్సి వస్తుందని భయం.

పదకొండో రోజున చప్పుడు వేరుగా వినిపించింది. కుందేలు కాలి దెబ్బ పొడిగా ఉంటుంది. ఇది మెత్తగా ఉంది. మొదటి బొరియలో ఒకటి. ఇక్కణ్ణుంచి అక్కడికి నడిచేంత సేపు ఆగి, రెండో బొరియలో ఒకటి. మళ్లీ ఆగి, మూడో దాంట్లో.

తెల్లమూతి గొంతు పెంచి పిలిచాడు.

"ఎర్రమ్మ పిన్నీ, ఉన్నావా?"

కాళ్ల దగ్గరి బొరియలోంచే మెత్తగా ఒక్క చప్పుడు. వెంటనే వెచ్చటి ఊపిరి తగిలింది.

విషయం అర్థమైంది. ఏడుపూ వచ్చింది. అయినా ఆ రోజు బండ సంగతి మీద ఓటింగు కదా, వెనక్కి తిరిగి చూడకుండా సభకు పరిగెత్తాడు. ముందుకాలు ఎత్తాడు. ఆ ఒక్క ఓటుతో నక్క జట్టు గెలిచింది.

నక్క తీరిగ్గా బండెక్కి కూర్చుంది. "తమ్ముడూ, మీ గుట్టలో ఇంకా ఎవరైనా ఉన్నారా?"

"ఉ... ఉన్నారండీ. పొద్దున చప్పుడు విన్నాను."

"ఆ చప్పుడు చేసింది నేనే. నీ ఓటు పడేదాకా నువ్వు సభ్యుడిగా ఉండాలి కదా," అంది జంగుపిల్లి, మూతి తుడుచుకుంటూ వచ్చి.

"సభ్యుణ్ణి ముట్టకూడదని మన కట్టుబాటు," అంది నక్క. "పంపినవాళ్లే లేకపోతే సభ్యుడెవరు? నువ్విప్పుడు ఒట్టి కుందేలువి."

తెల్లమూతి తోడేలు వైపు తిరిగాడు. "అన్నా, మీరైనా ఇది అన్యాయమని చెప్పండి."

తోడేలు జట్టు మెల్లగా లేచి, నక్క జట్టు పక్కన చేరి నిలబడింది. ఆ సభలో రెండు పక్షాలూ ఏకమవడం అదే మొదటిసారి.

నీతి: తనను పంపిన జనాన్ని జట్టు కోసం వదులుకున్న నాయకుణ్ణి ఆ జట్టే మిగలనివ్వదు.