నగారాల కింద పరీక్ష

కొలనుదుర్గం రాజు విజయభూపతికి ఆ ఉదయం ఓపిక నశించింది. సింహాసనానికి ఒక పక్క ఆస్థాన పండితుడు సూరావధాని, ఇంకో పక్క రాణివాసంలో చదువు చెప్పే వరదమ్మ. మళ్లీ అదే తగాదా.

"రేపు పరీక్ష పెట్టి తేల్చేయండి. వరదమ్మకు మహోపాధ్యాయ పట్టమో, ఆమె బడికి తాళమో. మీ గోలతో నాకు తిన్నది అరగడం లేదు," అన్నాడు రాజు. ఆయనకు తినడమంటే ఇష్టం. బొజ్జ చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

తగాదా ఏమిటంటారా? పాడుబడ్డ ఏనుగుల సాలలో వరదమ్మ చెవిటిపిల్లలకు బడి పెట్టింది. వాళ్లకు చదువెలా చెప్పాలో ఏళ్ల తరబడి పరిశీలించి గ్రంథం రాసింది. పట్టం లేనివాళ్లు బడి నడపకూడదని అక్కడి కట్టడి. పట్టం రావాలంటే గ్రంథాన్ని సూరావధాని మెచ్చాలి.

ఆయన మెచ్చడమా, రామరామ. మొదట మంగళశ్లోకం పొట్టిగా ఉందని తిప్పి పంపాడు. పెంచి తీసుకెళ్తే పొడుగైందన్నాడు. తగ్గించి తీసుకెళ్తే తాటాకుల అంచులు సమంగా లేవన్నాడు. వరదమ్మ జుట్టు నెరిసింది గానీ గ్రంథం గడప దాటలేదు. అసలు సంగతి, ఆ సాల మీద పండితుడి కన్నుంది. కొత్త పల్లకీ పెట్టుకోవడానికి ఆయనకు చోటు కావాలి.

"వినపడని పిల్లలకు చదువేమిటి ప్రభూ? దానికొక గ్రంథం, గ్రంథానికొక పట్టం," అని సూరావధాని నవ్వాడు.

వరదమ్మ గుండెల్లో రాయి పడింది. తన పట్టం పోతే పోయింది. బడి మూతపడితే అందులో చదివే చెంచి ఏమవుతుంది? ఇక్కడికి రాకముందు ఆ పిల్లను ఇంట్లోవాళ్లు వసారాలో ఓ మూల కూర్చోబెట్టి, పలకరించకుండా ఇంత కూడు పెట్టేవాళ్లు. ఇప్పుడు చెంచి అక్షరాలు రాస్తుంది, పెదవుల కదలిక చూసి మాట పట్టేస్తుంది. మళ్లీ ఆ మూలకేనా అనుకుంటే వరదమ్మకు ఏడుపొచ్చింది. ఏడిస్తే పండితుడికి పండగని కళ్లు తుడుచుకుంది.

"ప్రభూ, పరీక్ష ఎక్కడ జరగాలో పట్టం అడిగినవాళ్లే కోరుకోవచ్చు కదా?"

"మన ఆచారమే అది. పొగడచెట్ల నీడలోనా, గ్రంథాలయంలోనా?"

"నగారా మండపంలో. నగారాలు మోగుతుండగా."

సభంతా మొహాలు చూసుకుంది. ఆ నగారాలు మోగితే పక్కవాడి అరుపు కూడా పక్కవాడికి వినపడదు.

"ఆ మోతలో పండితులవారు ఏమన్నా సరే, నా శిష్యురాలు చెంచి ఇసుక పళ్లెంలో రాస్తుంది. రాయలేకపోతే నేనే బడికి తాళం వేసి చెవి వారికిస్తాను," అంది వరదమ్మ.

సూరావధానికి నవ్వాగలేదు. చెవులున్నవాళ్లకే వినపడని చోట చెవిటిపిల్ల రాస్తుందట. అక్కడే ఒప్పేసుకున్నాడు.

మర్నాడు మండపం కిటకిటలాడింది. రాజు పీఠం మీద కూర్చున్నాడు. ఆయన పక్కన ఇసుక పళ్లెంతో చెంచి, ఆమె వెనక వరదమ్మ. ఎదురుగా పట్టుశాలువా కప్పుకుని సూరావధాని. నగారాలు మొదలయ్యాయి. నేల అదిరింది. రాజు చెవులు మూసుకున్నాడు.

పండితుడు నలుగురినీ చూశాడు. ఎవడికీ ఏమీ వినపడటం లేదు. ఇన్నేళ్లుగా కడుపులో దాచుకున్నది కక్కేయడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. చేతులు జోడించి, మొహం నిండా నవ్వు పులుముకుని, రాజునే చూస్తూ తీరిగ్గా చెప్పుకుపోయాడు. రాజు మురిసిపోయి తలూపాడు.

చెంచి కళ్లు ఇంతింతయ్యాయి. ఒకసారి వరదమ్మ వంక చూసింది. రాయమని ఆమె సైగ చేసింది. చెంచి వేలు ఇసుకలో గబగబా పరిగెత్తింది. అది చదివి వరదమ్మ పళ్లెం మీద కొంగు కప్పేసింది.

నగారాలు ఆగాయి.

"తమ కీర్తి మీద సీసపద్యం చదివాను ప్రభూ," అన్నాడు సూరావధాని. "పాపం, ఆ పిల్ల ఏవో గీతలు గీసుకుంది."

"చెంచి రాసింది పద్యం కాదు ప్రభూ, వచనం," అంది వరదమ్మ. "అందులో గుమ్మడికాయ అనే మాట ఒకటుంది."

పండితుడి మొహంలో నెత్తురుచుక్క లేదు.

"నా కీర్తిలో గుమ్మడికాయ ఎక్కడిది? ఏదీ, ఆ పళ్లెం ఇలా ఇవ్వు."

సూరావధాని ఒక్క అంగలో వచ్చి అడ్డం నిలబడ్డాడు. "వద్దు ప్రభూ."

"తప్పు రాస్తే చూసి నవ్వుకుందాం. తమకేం బాధ?" అంది వరదమ్మ.

పండితుడి నుదుటి మీద చెమట ధారకట్టింది. శాలువా కొసతో తుడుచుకుని అన్నాడు:

"తప్పు లేదు ప్రభూ. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. చూడనే అక్కర్లేదు."

"చూడకుండా మీకెలా తెలిసింది?" అన్నాడు రాజు.

"వరదమ్మగారి చదువంటే అంత గురి ప్రభూ," అంటూ పండితుడు తన శాలువా తీసి ఆమెకు కప్పాడు. మండపమంతా గొల్లున నవ్వింది.

"పరీక్షించినవారే ఒప్పుకున్నాక ఇంకేముంది? మహోపాధ్యాయ పట్టం వరదమ్మది, ఏనుగుల సాల బడిది," అన్నాడు రాజు. వరదమ్మకు ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది. చెంచి భుజం పట్టుకుని హాయిగా ఏడ్చింది. తర్వాత కొంగు కిందే చెయ్యి పెట్టి ఇసుక చెరిపేసింది.

రాజు ఆమెవైపు వంగి, మెల్లగా అడిగాడు. "ఇంతకీ ఏమన్నాడమ్మా?"

వరదమ్మ పండితుడి వంక చూసింది. ఆయన కళ్లు మూసుకుని ఇష్టదైవాన్ని తలుచుకుంటున్నాడు.

"మంగళశ్లోకం ఇంకాస్త పొడుగుంటే బాగుండేదన్నారు ప్రభూ."

రాజు ఒకసారి తన బొజ్జ వంక చూసుకున్నాడు. ఆ తర్వాత అది కదిలేలా అందరికంటే గట్టిగా ఆయనే నవ్వాడు.