జాతరకెక్కిన సాగనంపు పాట

కొండ కింద చోడి చేలు, చేల పక్కన వాగు. ఆ గట్టు మీద జంతువులన్నీ మహా సఖ్యంగా బతికేవి. సఖ్యమంటే పొద్దున తిట్టుకోవడం, మాపటికి కలిసి మేత మెయ్యడం అన్నమాట. ఎద్దు లచ్చన్న దుక్కి దున్నుతుంటే, అతని మూపు మీద కూర్చుని పిగిలిపిట్ట పైడమ్మ పాడేది. ఏం గొంతండీ అది! వింటే నాగలికి కూడా హుషారొచ్చి చాలు వంకర తిరిగేది.

పైడమ్మ తల్లి ముసలి సూరమ్మ. ఆ చుట్టుపక్కల ఎవరింట చావు జరిగినా సూరమ్మే వెళ్ళి సాగనంపు పాట ఎత్తాలి. దానికో కట్టుబాటుంది. దరువు ఉండకూడదు. చావు లేని చోట పాడకూడదు. ఆ పాటకి అయినవాళ్ళు కంటతడి పెడితేనే పోయినవాళ్ళు వాగు దాటుతారనీ, లేకపోతే ఈ గట్టునే తచ్చాడుతూ ఉండిపోతారనీ అందరి నమ్మకం.

ఓనాడు నక్క గవరయ్య చేను గట్టున ఆగి పైడమ్మ పాట విన్నాడు.

"ఏమే పిల్లా, ఎద్దు వీపుకి పాడితే ఏమొస్తుందే? పిడుదులు తప్ప!"

"నా కడుపు నిండేది వాటితోనే గవరయ్య మావా."

"పిచ్చిదానా! నాతో జాతరకి రా. వడ్రంగిపిట్ట సన్నాసి చేత దరువేయిస్తా. అడవి అడవంతా నీ పేరే అనిపిస్తా. పళ్ళు రాశులు పోస్తారు, అందులో నాకేదో కాస్త, నీ దయ."

లచ్చన్న చెవులు విదిలించాడు. "నక్క దయ అడిగిందంటే కోడి ఈకలు లెక్కపెట్టుకోవాలమ్మా," అన్నాడు. పైడమ్మ నవ్వేసి నక్క వెంట ఎగిరిపోయింది.

నక్క మాట అక్షరాలా నిజమైంది. నాట్ల పాటకీ కోతల పాటకీ సన్నాసి బోలు దుంగ మీద దరువేస్తే జాతర ఊగిపోయింది. కోతులు ఈలలేశాయి. పైడమ్మకి తోక కింద ఎర్రగా ఉంటుందని మేకపిల్లలు తోకల కింద మోదుగపూలు దోపుకుని తిరిగాయి! ఏ కొమ్మ మీద చూసినా ఆమె పాటే.

కానీ జాతర మోజు పొయ్యి మీద పాల పొంగు లాంటిది. కొన్నాళ్ళకి కొండ అవతల నుంచి ఓ మైనా వచ్చింది. కోతులు అటు తిరిగాయి.

"మళ్ళీ కోతల పాటేనా? కోసి కోసి మా చెవులు తెగాయి!" అని ఒకటి అరిచింది. పైడమ్మ గొంతు మధ్యలో ఆగిపోయింది.

"ఇంకేం లేవా నీ దగ్గర?" అన్నాడు గవరయ్య.

"అన్నీ అయిపోయాయి మావా. అమ్మ పాడే సాగనంపు పాటొకటి ఉంది. అది పాడకూడదు."

"చెవిలో పాడు, చూద్దాం."

*మెల్లగా దిగు తల్లీ, వాగునీరు చల్లన*
*వెనక్కి చూడకు తల్లీ, వాకిలంతా చీకటి*

గవరయ్య కళ్ళు చెమ్మగిల్లాయి. మరుక్షణమే మెరిశాయి. "దరువు లేనిదే కదే చావు పాట? సన్నాసి దరువేస్తే అది పెళ్ళి పాట అయిపోదూ! ఇంక కట్టుబాటు తప్పిందెక్కడ?"

ఆ తర్కం పైడమ్మకి నచ్చింది. మునిగేవాడికి గడ్డిపోచ కూడా దూలంలాగే కనిపిస్తుంది. అయినా తల్లిని అడిగింది.

"ఒద్దమ్మా," అంది సూరమ్మ. "అది నీదీ కాదు, నాదీ కాదు. పోయేవాళ్ళ సొత్తు. రేపో మాపో నాకే కావాలి అది."

"నీకప్పుడే ఏమొచ్చిందే! ఆ మైనా నా కొమ్మెక్కి కూర్చుంది, నీకది కనబడదా?"

సూరమ్మ ముఖం వాగు వైపు తిప్పుకుంది.

ఆ ఏటి జాతరలో ఆ పాట పడింది చూడండీ, కొండకే కాళ్ళొచ్చాయి! "చల్లన" అనే చోట పైడమ్మ రెక్క పైకెత్తి టపటపలాడిస్తే అందరూ "హోయ్!" అనాలి. పెళ్ళిళ్ళలో అదే, పేరంటాల్లో అదే. మైనా కూడా నేర్చేసుకుంది.

వాన వెలిసిన ఓ ఉదయం సూరమ్మ పోయింది.

పైడమ్మ ఎగిరొచ్చేసరికి తల్లిని మోదుగాకు మీద పడుకోబెట్టి ఉంచారు. మోసుకెళ్ళడానికి కాకులు వచ్చాయి. లచ్చన్న, మేకలు, కోతులు, సన్నాసి, అందరూ తలలు వంచుకుని నిలబడ్డారు. ఇంక పాట ఎత్తాల్సింది కూతురే.

"మెల్లగా దిగు తల్లీ..."

మేకపిల్ల కాలు కదిలింది. తల్లి మేక కసిరింది, మళ్ళీ కదిలింది. సన్నాసి ముక్కు తనకి తెలియకుండానే కొమ్మని కొట్టింది. "వాగునీరు చల్లన" అనేసరికి వెనకనుంచి ఓ కోతి "హోయ్!" అంది.

"ఆపండి! మా అమ్మ పోయింది!" అని అరిచింది పైడమ్మ.

"అబ్బ, ఏం నటిస్తోందిరా!" అంది దూరంగా ఉన్న ఇంకో కోతి. గుంపు చూసి గవరయ్య పరుగున వచ్చాడు. సంగతి తెలియక, పళ్ళు పోయించుకోవడానికి ఆకు కూడా పరిచాడు.

"లచ్చన్న మావా, నువ్వైనా ఏడువు," అని బతిమాలింది పైడమ్మ.

"కన్ను ఏడుద్దామనే అంటోందమ్మా," అన్నాడు లచ్చన్న సిగ్గుతో. "కాలు విననంటోంది. తోక చూడు, దానిపాటికది ఊగుతోంది."

పైడమ్మ కళ్ళు మూసుకుని మళ్ళీ ఎత్తింది. "చల్లన" దగ్గర తన రెక్కే లేచి టపటపలాడింది. కళ్ళు తెరిచి ఆ రెక్కని చూసుకుంది. ఒక్క చుక్క రాలేదు.

"ఇంకో పాట లేదా లచ్చన్న మావా?"

"చావుకి ఒక్కటే పాటమ్మా."

కాకులు ఆకుని లేపాయి. ఏడుపు లేకుండా సూరమ్మ వెళ్ళిపోయింది.

పైడమ్మ మళ్ళీ పాడలేదు. రోజూ వాగొడ్డున ముళ్ళకంప మీద వాలి, "అమ్మా, దాటావా?" అని అడుగుతుంది. అవతలి గట్టు నుంచి మైనా పాడే ఆ పాటా, జనం "హోయ్!" అనడమూ గాలిలో వస్తుంటాయి.

సంతలో అమ్ముకున్న ఏడుపు చావింటికి తిరిగి రాదు.